మూడో గుమాస్తా

తలుపు గడియ విరగలేదు. దాన్ని పట్టుకున్న చెక్క నిలువునా చీలింది. భుజంతో ఒకటికి రెండుసార్లు గట్టిగా గుద్దితే తప్ప అంత దళసరి చెక్క అలా చీలదు. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని చీలికలోకి వేలు పోనిచ్చి చూశాడు. లేచాడు. తృప్తి లేక మళ్ళీ కూర్చున్నాడు.

డిపార్టుమెంటులో ఉన్న రోజుల్లో తోటివాళ్ళు ఆయనకు నిదానం అని పేరు పెట్టారు. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. అలాంటి నిదానం గారి కాలు ఈ పొద్దున ఒక్కచోట నిలవడం లేదు. వచ్చేముందు దేవుడి ముందు కళ్ళు మూసుకుని నిలబడితే, మూసిన కళ్ళ వెనక కూడా, ఇంకా చూడని ఈ తలుపే కనిపించింది.

ఇది భర్తల దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళను దాచే ఇల్లు. మేడమీద రెండు గదుల వాటా, వెనక మెట్ల మీదుగా దారి. ఇక్కడ ఒక కుట్టుపని అమ్మాయి, ఆరేళ్ళ కూతురితో మూడు నెలలుగా తలదాచుకుంది. చిరునామా ఆ అమ్మాయి కాక ఇద్దరికే తెలుసు: సంస్థ నడిపే వార్డెనమ్మకు, వాళ్ళను తీసుకొచ్చిన వ్యాను డ్రైవరుకు. నిన్న మధ్యాహ్నం మొగుడు సరాసరి ఈ తలుపు ముందుకొచ్చి నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు కేకలు వేయబట్టి పారిపోయాడు గానీ, లేకపోతే ఈ గదిలో ఇవాళ చూడాల్సింది చీలిన చెక్క ఒక్కటే అయ్యేది కాదు.

"ఎవరో ఒకరు చెప్పకుండా ఎలా తెలుస్తుందండీ?" వార్డెనమ్మ కిటికీ దగ్గర నిలబడి కొంగు చివర మెలితిప్పుతోంది. ముప్పై ఏళ్ళు బడిలో పెత్తనం చేసిన గొంతు, ఇవాళ సన్నబడింది. "తల్లీబిడ్డల్ని తెల్లారకుండా నేనే స్వయంగా వేరే ఇంటికి చేర్చాను. ఎక్కడో మీకు కూడా చెప్పను. ఏమీ అనుకోకండి."

"చెప్పొద్దు. నేనూ అడగకూడదనే అనుకున్నాను." ఆయన గుమ్మం బయటికొచ్చి గోడ మీది కాలింగ్ బెల్ నొక్కాడు. లోపల ఏ చప్పుడూ లేదు. "ఇది పనిచెయ్యదా?"

"మేం దిగినప్పటినుంచీ అంతే. బాగుచేయించాలనే అనుకుంటున్నాం."

"పక్కింటాయన ఏం చూశారు?"

"వీడు ఫోను చూసుకుంటూ వెనక సందులోంచి వచ్చాట్ట. ఎవర్నీ దారి అడగలేదుట. మెట్లెక్కి తిన్నగా తలుపు తట్టాట్ట."

"బెల్ నొక్కలేదా?"

"తట్టడమే చూశానన్నారు."

డిటెక్టివ్ ఆ బెల్ వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. కొత్త ఇంటికి వచ్చినవాడు ముందు బెల్ నొక్కుతాడు. అది మోగకపోతే అప్పుడు తడతాడు. మొదటే తట్టినవాడికి ఈ బెల్ సంగతి ఎవరో చెప్పి ఉండాలి.

కింద జీపు ఆగిన చప్పుడైంది. మెట్లమీద బూట్లు ఒక్కో మెట్టుకూ తీర్పు చెబుతున్నట్టు మోగాయి. డిటెక్టివ్‌కు ఆ నడక బాగా తెలుసు. ఒకప్పుడు తాను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న ఇన్‌స్పెక్టరు. అంతకంటే ముఖ్యంగా, తన భార్యకు స్వయానా తమ్ముడు.

"ఏం బావా, నేల మీద ముగ్గులేమైనా పెడుతున్నావా?"

"రండి ఇన్‌స్పెక్టరు గారూ. మీ అక్క నిన్న సాయంత్రమంతా మీకోసం చూసింది. వస్తానని చెప్పి రాలేదట."

"అక్కతో నేను మాట్లాడుకుంటాను, నువ్వు మధ్యలో పడకు." ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇక్కడ నీ పని అయిపోయింది. డ్రైవర్ని తీసుకుపోతున్నాను. ముగ్గురికి తెలుసు. అందులో ఒకామె దాక్కున్నది, ఒకామె దాచింది. మిగిలింది ఎవరు? ఇంత చిన్న లెక్కకి నీకు మూడు రోజులు పడుతుంది, అందుకే నీకా పేరు."

"వాడు చెప్పాడని ఎందుకనుకుంటున్నావు?"

"మొగుడు బెల్ నొక్కలేదు. పక్కింటాయన్ని నేనూ అడిగాను. ఈ ఇంటికి తరచూ వచ్చేవాడే బెల్ చెడిందని చెప్పి ఉంటాడు. నువ్వొక్కడివే ఆలోచిస్తావనుకున్నావా?"

డిటెక్టివ్ నవ్వుకున్నాడు. పిల్లవాడు ఎదిగాడు. కానీ సగమే.

ఆయన మెట్ల దగ్గరికెళ్ళి కిందికి తొంగిచూశాడు. డ్రైవరు వ్యానుకు ఆనుకుని, పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ని చూడకుండా ఉండడానికి నానా అవస్థ పడుతున్నాడు. డిటెక్టివ్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, వార్డెనమ్మతో నెమ్మదిగా చెప్పాడు. "కిటికీలోంచి అతన్ని పైకి రమ్మనండి. వ్యాను తాళాలు తెమ్మనండి. ఇంకేమీ అనొద్దు."

ఆమె పిలిచింది. అడుగుల చప్పుడు మెట్లెక్కి వచ్చింది, గుమ్మం బయట ఆగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. బయట ఏ అలికిడీ లేదు. కాసేపటికి "అమ్మా!" అని గొంతు వినిపించింది.

డిటెక్టివ్ తలుపు తీశాడు. డ్రైవరు వేలు ఇంకా బెల్ మీదే ఉంది.

"ఎంతసేపటినుంచి నొక్కుతున్నావు?"

"ఇప్పుడేగా సార్ వచ్చాను. మోగట్లేదనుకుంటా. కరెంటు పోయిందా?"

"ఎప్పుడైనా పైకి వచ్చావా ఇంతకుముందు?"

"నాకేం పని సార్ పైన? సందు మొదట్లో ఆపి హారన్ కొడతాను, వాళ్ళే దిగొస్తారు. మేడమ్ గారే పెట్టారు ఆ రూలు. మగాడు మెట్లెక్కితే పాప బెదురుతుందని." అతని కళ్ళు ఇన్‌స్పెక్టరు బెల్టు మీదికి వెళ్ళాయి. "నేనేం చెప్పలేదు సార్. నాకూ ఆడపిల్లలున్నారు. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒట్లు స్టేషన్లో వేద్దువుగాని," అన్నాడు ఇన్‌స్పెక్టరు. డ్రైవరు కిందికి దిగాక డిటెక్టివ్ వైపు తిరిగాడు. "బెల్ చెడిందని తెలిసినవాడు, మనం ముగ్గురం లోపలున్నామని తెలిసినవాడు, కాసేపు బెల్ నొక్కుతూ నిలబడలేడా? అది నీకు సాక్ష్యమా బావా?"

"నీకు వాడి మొహం చూస్తే ఏమీ అనిపించలేదా?"

"మొహాలు చూసి వదిలేసే కాలం నీతోనే పోయింది. ఇంతకీ కొత్త ఇల్లు ఎక్కడమ్మా? ఒక మనిషిని కాపలా పెడతాను."

వార్డెనమ్మ తల అడ్డంగా ఊపింది. "ముగ్గురికి తెలిస్తేనే ఇంత జరిగింది. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. అలాగే ఉండనివ్వండి."

"పోలీసులకే చెప్పరా?"

"ఎవరికీ చెప్పను బాబూ."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "మీ ఇష్టం. రేపు ఏదైనా జరిగితే మా మీద పడకండి." టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. జీపు బయలుదేరింది, వెనకాలే వ్యాను తోలుకుంటూ కానిస్టేబులు.

డిటెక్టివ్ గదిలో ఆ గోడనుంచి ఈ గోడకు నడిచాడు. ఒక అమాయకుడు లాకప్పుకు పోయాడు, సరే, వాణ్ణి రేపైనా విడిపించుకోవచ్చు. కానీ చెప్పిన నోరు ఇంకా బయటే ఉంది. అది మళ్ళీ చెప్పదని ఏమిటి?

"ఆ అమ్మాయితో ఫోన్లో ఒక్క మాట మాట్లాడనివ్వండి."

వార్డెనమ్మ నంబరు కలిపి ఇచ్చింది. అవతలి గొంతు లోతైన నూతిలోంచి వచ్చినట్టుంది.

"నిన్న తలుపు తట్టినప్పుడు అతను ఏమైనా అన్నాడా అమ్మా?"

"అన్నాడండీ. మందులండీ, అన్నాడు. గొంతు మార్చి."

"మందులు రావాల్సి ఉందా నిన్న?"

"పాపకి ఆయాసం. పీల్చే మందు అయిపోవచ్చింది. క్లినిక్ వాళ్ళ వెబ్‌సైట్లో ఆర్డరు పెట్టాను. వాళ్ళే అనుకుని సగం గడియ తీశాను కూడా. ఇంతలో ఇది లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది, నాన్నా, నాన్నొచ్చాడు, అని. అంత సంతోషంగా అరిచిందండీ. దాని అరుపు విని గడియ మళ్ళీ వేసేశాను. అప్పట్నుంచీ అడుగుతోంది, నాన్నకి తలుపెందుకు తియ్యలేదని."

ఫోన్లో పాప పిల్లికూతల ఊపిరి దగ్గరగా వినిపించింది. "ఎవరమ్మా?" అని అడుగుతోంది.

"ఆర్డరు పెట్టినప్పుడు బెల్ గురించి ఏమైనా రాశావా తల్లీ?"

"అవునండీ. అక్కడ నా పేరుమీదున్న చిరునామా కిందే రాశాను. వెనక మెట్లు ఎక్కాలి, బెల్ పనిచెయ్యదు, తలుపు తట్టండి అని."

డిటెక్టివ్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

*

క్లినిక్‌లో మూడో అంతస్తు చివర గాజు తలుపుల గది. ఆ వెబ్‌సైటును నడిపేది అక్కడ కూర్చునే ఇద్దరు. ఒకతను సెలవులో ఉన్నాడు. మిగిలిన ప్రోగ్రామర్ పాతికేళ్ళు దాటీ దాటని అమ్మాయి, వార్డెనమ్మ ఫోన్ చేసి చెప్పగానే పై అధికారి అనుమతి తీసుకుని కూర్చుంది. ఆమె మొహంలో భయం కంటే రోషమే ఎక్కువగా ఉంది.

"మా దగ్గర్నుంచి బయటికి పోవడం జరగదు సార్. పాప వైద్యం వివరాలు తండ్రి చూడొచ్చు, చిరునామా చూడకూడదు అని కోర్టు ఆర్డరు వచ్చింది. వచ్చిన రోజే నేనే ఆ కోడు రాశాను."

"తండ్రికి ఇందులో ఖాతా ఉందన్నమాట."

"ఉంది. కానీ చూడండి. ఆయన ఖాతాలో ఏం కనబడుతుందో ఆయన కళ్ళతో చూసే వీలుంది మాకు." ఆమె వేళ్ళు చకచకా కదిలాయి. తెరమీద తల్లి పేజీ వచ్చింది. చిరునామా ఉండాల్సిన చోట ఖాళీ. పాప పేజీ వచ్చింది. అక్కడా ఖాళీయే. "చూశారా? వెళ్ళి వేరే ఎవర్నైనా అడగండి సార్."

"నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదమ్మా. ఈ ఖాళీ ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

ఆమె విసుగు దాచుకోలేదు, కానీ చెప్పింది. "ఇందులో రెండు రకాల కోడు ఉంటుంది. మోడల్ అంటే అసలు సంగతి. తల్లి ఒక మోడల్, పాప ఒకటి. ఎవరికి ఎవరు ఏమవుతారో కూడా అందులోనే రాస్తాం. కంట్రోలర్ అంటే కౌంటర్లో గుమాస్తా అనుకోండి. బయటినుంచి వచ్చినవాడు ఏదైనా అడిగితే లోపలికెళ్ళి తెచ్చి చూపిస్తాడు."

"చిరునామా చూపించొద్దని ఎవరికి చెప్పావు? సంగతికా, గుమాస్తాకా?"

"గుమాస్తాలకి. తల్లి కంట్రోలర్లో ఒక లైను, పాప కంట్రోలర్లో ఒక లైను."

"ఇద్దరే గుమాస్తాలా?"

"ఈ పని మీద..." ఆమె ఆగింది.

డిటెక్టివ్ కుర్చీలోంచి లేచాడు. కూర్చోవడం తనవల్ల కాలేదు. "మందుల ఆర్డరు సంగతేమిటమ్మా?"

"అది... అది ఇంకో మోడల్. దానికి వేరే కంట్రోలర్. నేను రాసింది కాదు. మా పక్క సీటు అతను రాశాడు."

"అతనికి తెలుసా చిరునామా దాచాలని?"

ఆమె ఒక ఫైలు తెరిచింది. పక్కనే ఇంకో ఫైలు తెరిచింది. రెంటినీ పక్కపక్కన పెట్టి పైనుంచి కిందికి చూస్తూ పోయింది. చూస్తున్నకొద్దీ ఆమె భుజాలు కిందికి జారాయి.

"నాది కాపీ చేసుకున్నాడు," అంది మెల్లగా. "పాప కంట్రోలర్ని మొత్తం తీసుకుని, పాప అన్నచోటల్లా ఆర్డరు అని మార్చుకున్నాడు. మేం అందరం చేసేదే సార్. బాగా నడుస్తున్నదాన్ని మళ్ళీ మొదట్నుంచి ఎందుకు రాయడం? కానీ ఇతను కాపీ చేసింది కోర్టు ఆర్డరు రాకముందు. తరవాత నేను పెట్టిన లైను నా రెండు ఫైళ్ళలోనే ఉంది. దీంట్లో లేదు. ఇది ఉందనే నాకు తట్టలేదు."

"ఇద్దరు గుమాస్తాల చెవిలో చెప్పావు. మూడోవాడు ఆ రోజు గదిలో లేడు."

"చెవిలో చెప్పడమే తప్పు సార్." ఇప్పుడామె తనతో తాను మాట్లాడుకుంటోంది. "తల్లి మోడల్లో రాయాల్సింది. చిరునామానే అడగాలి, అడిగేవాడు ఎవరు అని. అప్పుడు ఎన్ని కౌంటర్లు తెరిచినా తాళం ఒకటే ఉండేది. కానీ ఆ రోజే అయిపోవాలన్నారు. లైనే కదా, గుమాస్తా దగ్గర పెడితే చాలు, తరవాత సర్దుకుందాం అనుకున్నాను."

ఆయనకు ఆమెను కోప్పడాలనిపించలేదు. తొందరలో పెట్టిన ఒక లైను. ఆ పక్కన ఇంకొకడి తొందర. ఇద్దరిలో ఎవరికీ చెడు తలపు లేదు. మరి చెడు జరగడానికి దేవుడు ఇంత సందు ఎందుకు ఉంచినట్టు? అడిగితే జవాబు రాదని తెలిసీ ఆయన అడుగుతూనే ఉంటాడు.

"ఆర్డరుకు చిరునామా ఎక్కడినుంచి వస్తుంది? అది తల్లిది కదా."

"ఆర్డరు పాపది. పాప తల్లిది. ఆర్డరు పాపని అడుగుతుంది, పాప తల్లిని అడుగుతుంది. తండ్రి పాప ఆర్డర్లు చూడొచ్చు. కాబట్టి బిడ్డ మీదుగా..."

"తల్లి దాక్కున్న చోటికి."

బిడ్డను తల్లికి కట్టింది ఆ దేవుడే. ఆ కట్టు పట్టుకునే వాడు ఇంటిదాకా వచ్చాడు. డిటెక్టివ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. చెప్పిన నోరు దొరికింది. డ్రైవరు ఇవాళే ఇంటికి పోతాడు. బావమరిది మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది.

"ఆ పేజీ ఒకసారి చూపించు. ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి కదా."

ఆమె తండ్రి కళ్ళతో మందుల పేజీ తెరిచింది. ఆర్డరు తేదీ, మందు పేరు, పాప పేరు. కింద చిరునామా, ఏ ముసుగూ లేకుండా.

ఆయన దాన్ని చదివాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మళ్ళీ చదివాడు.

"ఇది ఆ ఇల్లు కాదే."

"సార్?"

"నేను పొద్దున చూసింది వెనక మెట్ల ఇల్లు. ఇక్కడ నీళ్ళ ట్యాంకు ఎదురుసందు, గుడ్డల కొట్టు పైన, అని ఉంది. ఇది నిన్న రావాల్సిన మందు ఆర్డరే కదా? పాత ఇల్లు ఉండాలి కదా?"

ప్రోగ్రామర్ తెర వైపు వంగి మళ్ళీ చదివింది. "ఆర్డరు చిరునామాని తన దగ్గర ఉంచుకోదు సార్. అడిగిన ప్రతిసారీ వెళ్ళి తెస్తుంది. తల్లి మోడల్లో ఇవాళ ఏముంటే అదే."

ఆయన ఫోను తీసి నంబరు నొక్కాడు. వార్డెనమ్మ మొదటి రింగుకే ఎత్తింది.

"అమ్మా, నీళ్ళ ట్యాంకు ఎదురుసందులో గుడ్డల కొట్టు పైన ఎవరుంటున్నారు?"

"ఆ మాట మీకెవరు చెప్పారండీ?"

"క్లినిక్ వాళ్ళకు మీరు చెప్పారా?"

"పొద్దున్నే నేనే మార్చాను. పాపకి ఆయాసం, మందు రాకపోతే ఎలా? చిరునామా ఎవరికీ చూపించబోమని వాళ్ళు రాసిచ్చారు కూడా... ఏమైందండీ?"

"వాళ్ళకు ఫోన్ చేసి లోపల్నుంచి అన్ని గడియలూ వేసుకోమనండి. ఎవరొచ్చినా, ఏం చెప్పినా తియ్యొద్దనండి. పాపను గది లోపల ఉంచమనండి. ఇప్పుడే, ఇప్పుడే."

ఆయన ఫోను పెట్టేసేసరికి ప్రోగ్రామర్ టైపు చేస్తోంది. వేళ్ళు ఆగడం లేదు. "మోడల్లోనే పెట్టేస్తున్నాను సార్. ఇంక ఏ కౌంటరూ చూపించదు. రెండు నిమిషాలు."

"పెట్టమ్మా. కానీ తండ్రి ఆ ఖాతా ఇవాళ తెరిచాడో లేదో అది చెప్పు ముందు."

ఆమె తెరమీద ఇంకో పేజీ తెరిచి చూసింది. తలూపింది.

"ఎంతసేపయింది?"

"మీరు ఈ గదిలోకి రాకముందే."

డిటెక్టివ్ బావమరిది నంబరు నొక్కాడు.

"ఏం బావా, ఓడిపోయానని చెప్పడానికా?"

"అవును, ఓడిపోయాను, నువ్వే గెలిచావు. ఇప్పుడు విను. ఆ మొగుడు ఎక్కడున్నాడు?"

"నన్నంత తెలివితక్కువవాణ్ణి అనుకుంటున్నావు గానీ, ఎవర్ని కలుస్తాడో చూద్దామని నిన్నటినుంచీ పట్టుకోకుండా వాడి వెనక మనిషిని పెట్టాను. ఇప్పుడే ఫోన్ చేశాడు. వాడు బస్సు దిగాట్ట, దిగి సంతలో జనంలో కలిసిపోయాట్ట. మావాడు వెతుకుతున్నాడు. దొరుకుతాడులే, ఎక్కడికి పోతాడు? కొత్త ఇల్లు ఎక్కడో మాకే తెలీదు, వాడికేం తెలుస్తుంది?"

"ఏ స్టాపులో దిగాడు?"

"నువ్వెందుకలా అరుస్తున్నావు?"

"ఏ స్టాపురా!"

ఇన్‌స్పెక్టరు గొంతులో వెటకారం ఆగిపోయింది.

"నీళ్ళ ట్యాంకు దగ్గర," అన్నాడు.